పొడి గాలి వేరు, పొగ వేరు: హ్యుమిడిఫైయర్ వాడకంలో తెలుసుకోవలసిన విషయాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: చలికాలం ప్రవేశించడంతోనే తెలంగాణ జిల్లాల్లో ప్రజలకు రెండు ఇబ్బందులు ఒకేసారి ఎదురవుతుంటాయి. గాలిలో తేమ తగ్గి పెదవులు పగలడం, గొంతు ఎండిపోవడం, ముక్కులో పక్కులు కట్టి ఒక్కోసారి రక్తం చెమర్చడం మొదటిది. తెల్లవారుజామున ఊళ్ళ మీద, కాలనీల మీద దుప్పటిలా పరచుకునే పొగ రెండవది. వానాకాలం వరి కోతలు ముగిశాక పొలాల్లో తగులబెట్టే కొయ్యకాళ్ళు, ఆ తరువాత పత్తి కట్టె, సంక్రాంతి ముందు భోగి మంటలు, వీధి చివర చెత్త కుప్పలకు పెట్టే నిప్పు, వాహనాలు, ఇటుక బట్టీలు ఇవన్నీ ఈ పొగకు తలా కొంత తోడవుతున్నాయి. ఈ రెండు ఇబ్బందులూ ఒకే కాలంలో రావడం వల్ల వీటిని ఒకే సమస్యగా భావించి, రెండింటికీ ఒకే పరిష్కారం వెతుక్కోవడం సహజంగా జరుగుతున్నది.

పట్టణాల్లో ఆ పరిష్కారం పేరు ఇటీవలి కాలంలో హ్యుమిడిఫైయర్ అయింది. గాలిలో తేమను పెంచే ఈ చిన్న యంత్రం ఒకప్పుడు ఆసుపత్రులకు, నూలు మిల్లులకు పరిమితమై ఉండేది. ఇప్పుడు పసిపిల్లల గదుల్లోనూ, వృద్ధుల మంచాల పక్కనా కనిపిస్తున్నది. “గాలిని శుభ్రపరుస్తుంది”, “పొగను అణచివేస్తుంది” అన్న ప్రకటనలు కూడా వెలువడుతున్నాయి. మొదటే స్పష్టం చేసుకోవలసిన విషయం ఏమంటే, హ్యుమిడిఫైయర్ గాలికి తేమను చేర్చుతుంది, అంతే. గాలిలోని పొగను తీసివేయదు. ఈ తేడా గ్రహించకుండా వాడితే ఉపశమనం మాట అటుంచి, కొన్ని సందర్భాల్లో ఊపిరితిత్తులకు కొత్త ముప్పు ఏర్పడుతుంది.

ముక్కు చేసే పని

మనిషి రోజుకు 10 వేల లీటర్లకు పైగా గాలిని పీల్చుకుంటాడు. ఆ గాలి ఊపిరితిత్తుల లోతులకు చేరేలోగా 37 డిగ్రీల వెచ్చదనాన్ని, నూరు శాతం తేమను సంతరించుకోవలసి ఉంటుంది. ఈ పనిలో అధిక భాగాన్ని ముక్కే నిర్వహిస్తుంది. ముక్కు లోపలి పొరలూ, శ్వాసనాళాల గోడలూ పలుచని జిగురు పొరతో కప్పబడి ఉంటాయి. దానికి అడుగున శైలికలు అనే అతి సన్నని కేశాలు నిరంతరం కదులుతూ, జిగురులో చిక్కుకున్న దుమ్మును, సూక్ష్మజీవులను పైకి, గొంతు వైపునకు నెట్టివేస్తుంటాయి. గాలి మరీ పొడిగా ఉన్నప్పుడు ఈ జిగురు చిక్కబడుతుంది, శైలికల కదలిక మందగిస్తుంది. అందువల్ల పొడి దగ్గు, గొంతు గరగర వస్తాయి. నోటితో ఊపిరి పీల్చేవారికి, అంటే జలుబుతో ముక్కు దిబ్బడ వేసినవారికి, నిద్రలో గురక పెట్టేవారికి ఈ బాధ మరింత ఎక్కువ.

గదిలో తేమను ఒక మోస్తరు స్థాయికి పెంచితే ఈ పొరలకు ఊరట లభిస్తుంది. హ్యుమిడిఫైయర్ వల్ల కలిగే నిజమైన మేలు ఇదే. ఇది చిన్న మేలు కాదు. పొగ ఉన్న రోజుల్లో ఎండిపోయిన గొంతు మరింత మండుతుంది గనుక, తేమ తగినంత ఉన్న గదిలో నిద్ర పట్టడం సులభమవుతుంది. అయితే ఊరట కలిగిందంటే లోపలికి పోయే పొగ తగ్గిందని అర్థం కాదు.

ఉదయం మంచు, మధ్యాహ్నం పొడి

చలికాలంలో ఉదయం గడ్డి మీద మంచు బిందువులు కనిపిస్తుంటే గాలి పొడిగా ఉందనడం ఎలా అని కొందరు ప్రశ్నిస్తుంటారు. ప్రశ్న సమంజసమైనదే. గాలి ఎంత వెచ్చనైతే అంత ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 12 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 10.7 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టగలదు. అదిలాబాద్‌లోనో, కోహీర్‌లోనో చలికాలపు ఉదయం సాపేక్ష ఆర్ద్రత 90 శాతం ఉన్నదనుకుంటే అందులో ఉన్న నీరు సుమారు 9.6 గ్రాములు. మధ్యాహ్నానికి అదే గాలి 30 డిగ్రీలకు వేడెక్కితే దాని సామర్థ్యం 30 గ్రాములకు పెరుగుతుంది. లోపల ఉన్న నీరు మాత్రం ఆ 9.6 గ్రాములే. అంటే సాపేక్ష ఆర్ద్రత 32 శాతానికి పడిపోయినట్లు. ఉదయం తడిసిన దారులు, మధ్యాహ్నం పగిలిన పెదవులు ఒకే గాలి చూపే రెండు ముఖాలు.

ఉదయపు చలికే మరో స్వభావం ఉన్నది. రాత్రివేళ నేల త్వరగా చల్లబడి, నేలను ఆనుకున్న గాలి పైనున్న గాలి కంటే చల్లగా ఉండిపోతుంది. చల్లని గాలి బరువైనది కాబట్టి పైకి లేవదు. అందులో కలిసిన పొగ కూడా మనిషి ఎత్తులోనే తచ్చాడుతూ, ఎండెక్కిన తరువాతనే పలుచబడుతుంది. ఉబ్బసం రోగులు ఉదయపు నడకను ఎండ వచ్చేవరకు వాయిదా వేసుకోవాలని వైద్యులు సూచించడానికి కారణం చలి ఒక్కటే కాదు.

పొగ సంగతి

కట్టెలు, గడ్డి, చెత్త కాలినప్పుడు వెలువడే పొగలో అత్యంత హానికరమైనవి పీఎం 2.5 అని పిలిచే సూక్ష్మ ధూళి కణాలు. వీటి పరిమాణం వెంట్రుక మందంలో ఇరవై ఐదో వంతో, ముప్పయ్యో వంతో ఉంటుంది. ముక్కు వడపోతను దాటి ఇవి ఊపిరితిత్తుల అట్టడుగు గాలి గదుల వరకు చేరగలవు. వీటితో పాటు కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులు కూడా పొగలో ఉంటాయి.

నీటి తుంపరలు చల్లితే దుమ్ము అణగుతుంది కదా, తేమతో పొగ ఎందుకు అణగదన్న సందేహం రావచ్చు. వాకిట్లో నీళ్ళు చల్లితే అణిగేది పెద్ద రేణువుల దుమ్ము. పొగలోని కణాలు అంత తేలికగా నీటి తుంపరలకు చిక్కవు, తమ బరువుతో తాము నేల మీదకు దిగవు. పైపెచ్చు తేమ ఎక్కువైనప్పుడు వాటిలో అనేకం నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. మంచు పడిన ఉదయాల్లో పొగ మరింత దట్టంగా కనిపించడానికి ఇది ఒక కారణం. గదిలోని సూక్ష్మ కణాలను తొలగించాలంటే వడపోత తప్ప మార్గం లేదు. హెపా ఫిల్టరు అమర్చిన గాలి శుద్ధి యంత్రం 0.3 మైక్రోమీటర్ల కణాలను కూడా 99.97 శాతం మేరకు పట్టివేసేలా తయారవుతుంది. బయటికి వెళ్ళవలసినవారికి ముఖానికి సరిగ్గా అమరిన ఎన్-95 మాస్కు రక్షణనిస్తుంది. ముక్కుకు కట్టుకున్న తడి రుమాలు చల్లగా ఉంటుందే తప్ప ఈ కణాలను ఆపజాలదు.

ఇంటి లోపల పుట్టే పొగను చాలామంది లెక్కలోకి తీసుకోరు. దోమల చుట్ట ఒకటి పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ కణాలు 75 నుండి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. తలుపులు బిగించి, ఒక మూల దోమల చుట్ట, మరో మూల హ్యుమిడిఫైయర్ పెట్టుకొని నిద్రించడం వల్ల ప్రయోజనమేమీ ఉండదు. సాంబ్రాణి, అగరుబత్తి కూడా పొగే.

నీరే ధూళిగా మారే విధానం

బజారులో ప్రధానంగా మూడు రకాల యంత్రాలు లభిస్తున్నాయి. తడిసిన మెత్త గుండా ఫ్యాను గాలిని పంపేది ఒక రకం. నీటిని మరిగించి ఆవిరిని వదిలేది మరొకటి. చవకగా, చప్పుడు లేకుండా, కంటికి కనిపించే తెల్లని మంచు తెరను వెదజల్లేది అల్ట్రాసోనిక్ రకం. ఎక్కువగా అమ్ముడవుతున్నది ఇదే. జాగ్రత్త అవసరమైనదీ దీనితోనే.

మొదటి రెండు రకాల్లో నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది, నీటిలోని లవణాలు యంత్రంలోనే మిగిలిపోతాయి. అల్ట్రాసోనిక్ యంత్రం నీటిని ఆవిరి చేయదు. అతి వేగమైన ప్రకంపనలతో దానిని సన్నని తుంపరలుగా చిమ్ముతుంది. తుంపర గాలిలో ఎండిపోగానే అందులోని సున్నం, మెగ్నీషియం వంటి లవణాలు సూక్ష్మ ధూళిగా మిగులుతాయి. కొద్ది రోజులకు బల్ల మీద, టీవీ తెర మీద తెల్లని పొడి పేరుకుంటే అది ఇదేనని గుర్తించాలి.

దీని పరిమాణాన్ని ఒక సాధారణ లెక్కతో తెలుసుకోవచ్చు. లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు లవణాలున్న నీటిని తాగడానికి ఆమోదయోగ్యమైనదిగా భారతీయ ప్రమాణాల సంస్థ పేర్కొన్నది. వేరే వనరు లేనిచోట 2,000 వరకు అనుమతించింది. 500 ఉన్న నీటినే తీసుకొని గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున వెదజల్లితే, గాలిలోకి 100 మిల్లీగ్రాముల లవణాలు చేరుతాయి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో ఉండే గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. వెదజల్లిన లవణాల్లో పదో వంతు మాత్రమే గాలిలో నిలిచిందనుకున్నా ఘనపు మీటరుకు 350 మైక్రోగ్రాములకు పైబడుతుంది. పీఎం 2.5కు మన దేశంలో 2009లో నిర్ణయించిన 24 గంటల ప్రమాణం 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. బయటి పొగకు భయపడి తలుపులు మూసుకున్న గదిలో, బోరు నీటితో నడిచే యంత్రం బయటి కంటే చెడ్డ గాలిని తయారుచేసే అవకాశం ఉన్నదన్న మాట.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. కాచి చల్లార్చిన నీరు వాడితే సరిపోతుందని పలువురు భావిస్తారు. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి గానీ లవణాలు పోవు. కొంత సున్నం పాత్ర అడుగున పేరుకున్నా, మిగతావి నీటిలోనే ఉంటాయి. అల్ట్రాసోనిక్ యంత్రానికి స్వేదన జలం శ్రేష్ఠం. అది అందుబాటులో లేనప్పుడు లవణాలు తక్కువగా ఉండే ఆర్వో నీరు కొంత మేలు. నీటి ఖర్చును కూడా లెక్కవేసుకుంటే, చవక యంత్రం చవక కాదని తేలుతుంది.

కొరియాలో జరిగినది

నిలవ నీటిలో బూజు, బాక్టీరియా పెరగడం సహజం. శుభ్రం చేయని యంత్రం వాటిని తుంపరలతో పాటు గదంతా చల్లుతుంది. దానివల్ల కొందరిలో కొన్ని గంటల్లోనే జ్వరం, దగ్గు, ఆయాసం కనిపిస్తాయి. వైద్య గ్రంథాల్లో దీనికి హ్యుమిడిఫైయర్ జ్వరం అనే పేరే ఉన్నది. ప్రాణాంతకమైన న్యుమోనియాను కలిగించే లెజియోనెల్లా బాక్టీరియా కూడా ఇటువంటి తుంపరల ద్వారానే వ్యాపిస్తుంది.

ఈ బెడదను తప్పించుకోవడానికి దక్షిణ కొరియాలో ఒక ఉపాయం కనిపెట్టారు. యంత్రంలోని నీటిలో కలిపే క్రిమిసంహారక ద్రావణాలను అక్కడ 1994 నుండి దుకాణాల్లో అమ్మారు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఉన్నవారే ఎక్కువ శ్రద్ధతో వాటిని కొన్నారు. 2011 వసంతంలో సియోల్‌లోని ఒక పెద్ద ఆసుపత్రికి గర్భిణులు, బాలింతలు ఒకరి వెంట ఒకరు అంతుపట్టని తీవ్ర ఊపిరితిత్తుల వ్యాధితో వచ్చారు. అంటువ్యాధి అని మొదట అనుమానించారు. క్రిమి ఏదీ దొరకలేదు. రోగుల ఇళ్ళలోని అలవాట్లను పరిశీలించిన మీదట, ఆ ఏడాది ఆగస్టులో అధికారులు ఈ ద్రావణాలపై అనుమానాన్ని ప్రకటించి, నవంబరులో వాటిని మార్కెట్ నుండి వెనక్కు తీసుకోవాలని ఆదేశించారు. అప్పటికే వందలాది కుటుంబాలు పిల్లలను, తల్లులను కోల్పోయాయి. అందులో వాడిన ప్రధాన రసాయనాల్లో ఒకటైన పీహెచ్‌ఎంజీ చర్మానికి తగిలినప్పుడు పెద్దగా హాని చేయనిదిగా పేరుపొందినదే. తుంపరగా మారి ఊపిరితిత్తులకు చేరినప్పుడు ఏమవుతుందన్న పరీక్ష మాత్రం అమ్మకానికి ముందు జరగలేదు.

మన ఇళ్ళలో ఆ ద్రావణాలు లేకపోవచ్చు. నీటిలో నాలుగు చుక్కలు ఫినాయిలో, డెట్టాలో, సువాసన తైలమో, జలుబు బామో, కర్పూరమో కలిపే అలవాటు ఉన్నది. ఇవేవీ ఆ నీటిలో కలపరాదు. కర్పూరం పసిపిల్లలకు విషతుల్యమైనది కూడా. యంత్రంలో పోయవలసినది నీరు ఒక్కటే.

వాడదలచినవారు పాటించవలసినవి

యంత్రం కొనేముందు తేమను కొలిచే హైగ్రోమీటరు కొనడం మంచిది. చిన్న డిజిటల్ పరికరం కొద్ది వందల రూపాయలకే లభిస్తున్నది. గదిలో సాపేక్ష ఆర్ద్రత 30 నుండి 50 శాతం మధ్య ఉంటే చాలు. ఇప్పటికే 45 శాతం ఉన్న గదికి యంత్రంతో పనిలేదు. కోస్తా ప్రాంతాల్లో, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్ళలో ఏడాది పొడవునా తేమ అధికంగానే ఉంటుంది గనుక అక్కడివారికి ఇది సాధారణంగా అనవసరపు ఖర్చు. 50 శాతం దాటితే పరుపుల్లో, దిండ్లలో ఉండే ధూళి పురుగులు వృద్ధి చెందుతాయి, గోడల మూలల్లో బూజు పడుతుంది. ఇవి రెండూ ఉబ్బసాన్ని రేపేవే. ఆయాసం తగ్గడానికి పెట్టుకున్న యంత్రమే ఆయాసానికి కారణం కావడం ఈ విధంగా జరుగుతుంది. కిటికీ అద్దాల మీద నీరు చెమర్చడం కనిపిస్తే తేమ మితిమీరినట్లు గుర్తు.

తొట్టిలోని నీటిని ప్రతిరోజూ పారబోసి, తుడిచి, కొత్త నీరు పోయాలి. మూడు రోజులకొకసారి తయారీదారు సూచించిన పద్ధతిలో శుభ్రం చేసి, అనేక మార్లు కడిగి, ఆరబెట్టాలి. అంత ఓపిక లేనివారు యంత్రం జోలికి పోకపోవడమే ఉత్తమం. తుంపర నేరుగా ముఖం మీద, పరుపు మీద పడకుండా కొంత దూరాన ఉంచాలి. నీటిని మరిగించే రకాన్ని పిల్లలకు అందనంత దూరంలో పెట్టాలి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ భయంతో ఇంటింటా ఆవిరి పట్టినప్పుడు వేడినీటి గిన్నెలు తిరగబడి పిల్లలు కాలిన సంఘటనలు అనేకం జరిగాయి.

ఉబ్బసం, దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి ఉన్నవారు వైద్యుడు ఇచ్చిన ఇన్‌హేలర్లను ఏ కారణం చేతనూ మానరాదు. గదిలో తేమ పెరిగినంత మాత్రాన శ్వాసనాళాల వాపు తగ్గదు.

యంత్రం లేని ఇళ్ళలో

తేమ కోసం యంత్రమే అక్కర్లేదు. పైన చెప్పిన పది అడుగుల గదిలో 25 డిగ్రీల వద్ద ఆర్ద్రతను 30 నుండి 45 శాతానికి పెంచడానికి కావలసిన నీరు దాదాపు 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసెడు. సందుల గుండా గాలి మారుతుంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ ఇవ్వవలసి ఉంటుంది. పిండి ఆరవేసిన తువ్వాలు ఒకటి రాత్రి సగం వరకు ఆ పని చేస్తుంది. ఇందులో లవణాలు గుడ్డలోనే ఉండిపోతాయి, తెల్ల పొడి సమస్య రాదు. వేసవిలో వరండాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లిన పెద్దలకు ఈ సూత్రం తెలిసినదే. ముక్కు ఎండిపోయేవారికి మందుల షాపుల్లో దొరికే సెలైన్ చుక్కలు హ్యుమిడిఫైయర్ కంటే చవకగా, సూటిగా పనిచేస్తాయి. జలనేతి చేసేవారు తప్పనిసరిగా కాచి చల్లార్చిన నీటినే వాడాలి. దాహం వేయకపోయినా చలికాలంలో తగినన్ని మంచినీళ్ళు తాగడం మరువరాదు.

తలుపులు మూసే ముందు ఒక ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. చలికి తాళలేక గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని, తలుపులు, కిటికీలు బిగించి నిద్రించినవారు తెల్లవారేసరికి విగతజీవులైన ఉదంతాలు దేశంలో దాదాపు ప్రతి చలికాలమూ వెలుగులోకి వస్తుంటాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. దానిని హ్యుమిడిఫైయర్ గానీ, హెపా ఫిల్టరు గానీ తొలగించలేవు. నిప్పు ఉన్న గదిలో గాలి ఆడే మార్గం ఉండి తీరాలి. వలస కూలీల గుడారాలు, నిర్మాణ స్థలాల వద్ద కాపలాదారుల గదుల విషయంలో స్థానిక అధికారులు ఈ అంశంపై ప్రత్యేకంగా అవగాహన కల్పించవలసి ఉన్నది.

సూచీలోని అంకెలు

వాయు నాణ్యతా సూచీ గురించిన వార్తల్లో తరచు గందరగోళం చోటుచేసుకుంటున్నది. మన దేశంలో 2015 నుండి అమలులో ఉన్న ఈ సూచీలో అంకె మైక్రోగ్రాములను తెలపదు. పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే సూచీ 100, 90 ఉంటే 200, 120 ఉంటే 300, 250 ఉంటే 400. విదేశీ సంస్థల మొబైల్ యాప్‌లు అమెరికా సూచీని చూపుతుంటాయి. అదే 60 మైక్రోగ్రాములకు ఆ సూచీలో 150 పైచిలుకు వస్తుంది. రెండు పట్టణాల గాలిని పోల్చే ముందు రెండు అంకెలూ ఒకే సూచీకి చెందినవో కావో చూసుకోవడం అవసరం. మన సూచీ ధూళి కణాల విషయంలో 24 గంటల సగటుపై ఆధారపడుతుంది గనుక, ఉదయం ఆరు గంటల వేళ దట్టమైన పొగ పట్టిన కాలనీలో కూడా ఆనాటి సూచీ “మధ్యస్థం” అనే చెప్పవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో కేంద్రాల వారీగా వివరాలు లభిస్తాయి.

గదిలో యంత్రం పెట్టుకోగలిగినవారు కొద్దిమందే. మిగిలినవారికి రక్షణ, నిప్పు అంటుకోకుండా చూడటంలోనే ఉన్నది. బహిరంగంగా చెత్త తగులబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించి, సాధారణంగా 5 వేల రూపాయలు, పెద్దమొత్తంలో కాల్చినచో 25 వేల రూపాయల పరిహారం విధించాలని ఆదేశించింది. 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుండి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు చేరాయి. వరి కొయ్యకాళ్ళను రోటావేటరుతో నేలలో కలియదున్నడం, పత్తి కట్టెను ముక్కలు చేసి భూమిలో కలపడం వల్ల పొగ తప్పడమే గాక నేలకు సేంద్రియ పదార్థం చేకూరుతుంది. వసతి గృహాలు, అంగన్‌వాడీ కేంద్రాల ప్రాంగణాల్లో ఆకులు, కాగితాలు ఊడ్చి నిప్పుపెట్టే అలవాటును ఆయా సిబ్బంది వెంటనే మానుకోవలసి ఉన్నది. పిల్లలు బారులు తీరి ప్రార్థనకు నిలబడే వేళకే ఈ మంటలు వేయడం చాలాచోట్ల కనిపిస్తున్నది.

పొగ ఉన్న రోజుల్లో మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు లేదా గోళ్ళు నీలిరంగుకు తిరగడం, పసిపిల్లల్లో ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేయడం, ఇన్‌హేలరు వాడినా పిల్లికూతలు తగ్గకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే గృహ చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. మూసిన గదిలో కుంపటి లేదా బొగ్గుల పొయ్యి ఉండి, నిద్రలేచినవారికి తలనొప్పి, వాంతులు, మగత ఉన్నట్లయితే ముందుగా వారిని ఆరుబయటి గాలిలోకి చేర్చి, ఆ తరువాత ఫోన్ చేయాలి.